"నార్మలే అన్నావు కదరా అల్లుడూ!" – అహోబిలం కొండ కింద మే నెల లెక్క

పోయిన ఎపిసోడ్ చూసి ఒక చెల్లెలు ఒకే ఒక్క లైన్ అడిగింది: "అన్నా, వాతావరణం వాళ్లు రోజూ నార్మల్ నార్మల్ అంటారు. ఆ నార్మల్ ఎవరిది?" భలే నచ్చింది నాకు ఈ ప్రశ్న. రెండు రోజులు దాని గురించే ఆలోచించా. ఇవాళ మొత్తం దాని మీదే మాట్లాడుకుందాం. ఊరు కూడా మనదే తీసుకుందాం. నంద్యాల, ఆళ్లగడ్డ, ఆ పైన అహోబిలం. నెల మే. మొన్న గడిచిన 2025 మే.

ముందు ఒక సంగతి చెప్తా. కొన్నేళ్ల కింద ఒక మే నెలలో మా మామ ఇంటిల్లిపాదినీ తీసుకుని అహోబిలం పోవాలనుకున్నాడు. మొక్కు ఉంది. మామది ఆళ్లగడ్డ పక్కన పల్లె, సేద్యం చేసే మనిషి, ఎండ ఆయనకు కొత్తేం కాదు. నాకు అప్పటికే ఈ వాతావరణం పిచ్చి పట్టిందని తెలుసు కాబట్టి ముందు రోజు రాత్రి ఫోన్ చేశాడు. "అల్లుడూ, రేపు ఎండ ఎట్లుంటాదిరా?" నేను ఫోన్‌లో చూసి, పెద్ద సైంటిస్టు లెవెల్లో చెప్పా: "41 మామా. నార్మలే. భయమేం లేదు."

ఎగువ అహోబిలంలో దర్శనం అయ్యేసరికి తొమ్మిదిన్నర. అక్కడి నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి నడక. పోయేటప్పుడు బాగానే పోయినారు. దిగేటప్పటికి ఒంటిగంట. భవనాశిని వాగు పక్కన ఒక బండ మీద కాసేపు కూర్చుంటానని కూర్చున్నాడు, మళ్లీ లేవలేకపోయాడు. మాట తడబడుతోంది. ఒళ్లు కాలుతోంది గానీ చెమట లేదు. అక్కడే ఉన్న ఇద్దరు కుర్రాళ్లు చెట్టు నీడకు మోసుకుపోయి, మెడ మీద, చంకల్లో తడిగుడ్డలు పెట్టి, కండువాతో విసిరి, ఎట్లనో కిందికి చేర్చినారు. బతికాడు. ఆసుపత్రి మంచం మీద నన్ను చూడగానే ఆయన అన్న మొదటి మాట: "నార్మలే అన్నావు కదరా అల్లుడూ!"

నేను చెప్పిన అంకె తప్పు కాదు. ఆ రోజు నార్మలే. కానీ నార్మల్ అనే మాటను నేను 'ప్రమాదం లేదు' అనే అర్థంలో చెప్పాను, మామ అదే అర్థంలో విన్నాడు. ఆ మాటకు ఆ అర్థం లేదు.

మరి ఏముంది? చాలా సింపుల్. ఒక ఊర్లో ఒక తేదీన ముప్పై ఏళ్ల పాటు నమోదైన ఉష్ణోగ్రతలన్నీ కూడి, ముప్పైతో భాగిస్తే వచ్చే సగటే నార్మల్. ఉష్ణోగ్రతకు ఇప్పుడు మన వాతావరణ శాఖ వాడుతున్నది 1991 నుంచి 2020 దాకా ఉన్న ముప్పై ఏళ్లు. అంతకుముందు 1981 నుంచి 2010 వాడేవాళ్లు. వానకైతే ఇంకా పొడుగు లెక్క, 1971 నుంచి 2020 దాకా యాభై ఏళ్ల సగటు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, గమనించారా? నార్మల్ అనేది రాతి మీద చెక్కిన అంకె కాదు. పదేళ్లకోసారి పాత పదేళ్లు తీసేసి కొత్త పదేళ్లు కలుపుతారు. వేడి పెరుగుతూ పోతే నార్మల్ కూడా దాంతో పాటే పైకి జరుగుతుంది. అంటే మీ తాత వయసులో "అబ్బో, చాలా ఎక్కువ" అనిపించుకున్న ఎండ మీ వయసుకొచ్చేసరికి "కొంచెం ఎక్కువ" అయిపోతుంది. ఎండ తగ్గలేదు, కొలిచే గీత పైకి పోయింది. వానకూ అంతే. నైరుతి రుతుపవనాల నాలుగు నెలలకు దేశం మొత్తం మీద నార్మల్ 880.6 మిల్లీమీటర్లు ఉండేది. 2022 ఏప్రిల్‌లో దాన్ని 868.6 చేశారు. ఆ ఒక్క మార్పుతో పన్నెండు మిల్లీమీటర్ల లోటు కాగితం మీద మాయమైంది. ఇందులో మోసం ఏమీ లేదు, ప్రపంచమంతా ఇదే పద్ధతి. మనకు తెలిసి ఉండాలి, అంతే.

సరే, ఇప్పుడు నంద్యాలకు వద్దాం.

[స్క్రీన్ మీద: నంద్యాల జిల్లా మ్యాప్]

ఈ మ్యాప్ చూడండి. తూర్పున నల్లమల. పడమట ఎర్రమల. మధ్యలో కుందూ నది పారే లోయ. నంద్యాల, ఆళ్లగడ్డ రెండూ ఈ లోయలోనే ఉన్నాయి. కింద నల్లరేగడి నేల. కోస్తా వాళ్లకు మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి తగులుతుంది. మనకు ఆ గాలి రాదు, దూరం ఒకటి, మధ్యలో కొండలు ఒకటి. పడమటి నుంచి వచ్చే పొడి గాలే మనకు దిక్కు. అందుకే మే నెలలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత నార్మల్ అంటేనే నలభై, నలభై ఒకటి చుట్టూ ఉంటుంది. 2024 మే మొదటి రోజులు గుర్తున్నాయా? నంద్యాల 45 దాటింది. దేశంలో అత్యంత వేడి ఊళ్లు అని రోజూ ఇచ్చే జాబితాలో మన పేరు కనపడింది. ఫ్రెండ్స్ అందరూ స్టేటస్‌లు పెట్టుకున్నారు, అదేదో కప్పు గెలిచినట్టు.

ఇప్పుడు వడగాలి లెక్క చూద్దాం. ఇది అందరికీ తెలియాలి, ఎందుకంటే అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మైదాన ప్రాంతంలో వడగాలి అనాలంటే రెండు దార్లు. ఒకటి, ఉష్ణోగ్రత కనీసం 40 ఉండి, నార్మల్ కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. 6.4 కంటే ఎక్కువైతే తీవ్ర వడగాలి. రెండోది, నార్మల్‌తో పని లేకుండా 45 తాకితే వడగాలి, 47 తాకితే తీవ్ర వడగాలి. సముద్రం ఒడ్డు ఊళ్లకు 37 ఉండి, నార్మల్ కంటే 4.5 ఎక్కువుంటే చాలు. దీని పైన ఇంకో షరతు కూడా ఉంది: ఒక సబ్‌డివిజన్‌లో కనీసం రెండు కేంద్రాల్లో, వరసగా రెండు రోజులు ఉంటేనే అధికారికంగా ప్రకటిస్తారు. మనకు సబ్‌డివిజన్ అంటే రాయలసీమ మొత్తం.

ఇప్పుడు విశాఖను, నంద్యాలను పక్కపక్కన పెట్టండి. విశాఖలో మే నార్మల్ 35 చుట్టూ అనుకుందాం. అక్కడ 40 వచ్చిందంటే నార్మల్ మీద ఐదు డిగ్రీలు ఎక్కువ. వడగాలి. టీవీలో ఎర్ర అక్షరాలు. నంద్యాలలో నార్మల్ 41. ఇక్కడ 44 వచ్చింది. తేడా మూడే. వడగాలి కాదు! "సాధారణం కంటే మూడు డిగ్రీలు ఎక్కువ" అని కింద చిన్న లైన్ పోతుంది. 44 డిగ్రీల్లో ఉపాధి హామీ పనికి పోయిన ఆడమనిషి ఒంటికి ఆ మూడుతో ఏం సంబంధం? ఆమె ఒళ్లు 44ను చూస్తుంది గానీ మూడును చూడదు కదా.

అవును, అలవాటు అనేది ఒకటుంది. నలభైలో పుట్టి పెరిగిన మనిషి విశాఖ మనిషి కంటే కొంత ఎక్కువ తట్టుకుంటాడు. అందుకే తేడాను కూడా లెక్కలోకి తీసుకుంటారు, అది అర్థం లేని పనేం కాదు. కానీ అలవాటుకు ఒక హద్దు ఉంది. మనిషి లోపలి వేడి 37 డిగ్రీలు. బయట దానికంటే ఎక్కువ ఉంటే ఒంట్లో వేడి బయటికి పోయే దారి ఒక్కటే, చెమట ఆరడం. మనది పొడి ఎండ. విజయవాడలో చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది, చెమట పోతోందని తెలుస్తుంది. ఇక్కడ చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది. "నాకేం చెమట పట్టట్లేదే, బాగానే ఉన్నా" అనుకుంటాం. లోపల నీళ్లు మాత్రం కడవకు చిల్లి పడినట్టు పోతూనే ఉంటాయి. మా మామకు జరిగింది అదే. ఆయన నీళ్లసీసా సగం అట్లనే ఉంది ఆ రోజు.

ఇంకో విషయం. ఆ 41 ఎక్కడ కొలిచారు? వాతావరణ కేంద్రంలో ఒక తెల్ల చెక్కపెట్టె ఉంటుంది. స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. నేలకు నాలుగైదు అడుగుల ఎత్తులో, నీడలో, గాలి ఆడేటట్టు పలకలు పెట్టి, థర్మామీటర్లు దాని లోపల పెడతారు. అంటే మనం టీవీలో చూసే ప్రతి అంకె నీడలో ఉన్న గాలి వేడి. ఎండది కాదు. రాతిది అసలే కాదు. అహోబిలంలో మీరు నడిచేది రాతి మెట్ల మీద, బండల మీద, అదీ గుడి దగ్గర చెప్పులు విప్పేసి. ఎండలో కాలిన బండ గాలి కంటే ఎన్నో డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. పైన సూర్యుడు, కింద బండ, రెండు పక్కలా కొండచరియ. పొయ్యి మీద పెనం అని చెప్పను, మీకే తెలుసు, అరికాళ్లకు బాగా గుర్తుంటుంది.

"కొండ ఎక్కితే చల్లగా ఉంటుంది కదన్నా?" అంటారు. ఉంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. కానీ మనం ఎక్కేది వెయ్యి మీటర్లు కాదు. ఒకటి రెండు డిగ్రీలు తగ్గుతుందేమో, దానికి బదులు ఎక్కే కష్టం ఒంట్లో వేడి పుట్టిస్తుంది. అడవి నీడ ఉన్నంత మేర హాయి. నల్లమలలో చాలా చెట్లు ఎండాకాలం ఆకు రాలుస్తాయి, అది మర్చిపోవద్దు. డిసెంబరులో మీరు తీసిన రీల్‌లో ఉన్న పచ్చదనం మేలో ఉండదు.

ఇక్కడ పంచాంగం కూడా మనకు సాయం చేయదు. నరసింహ జయంతి వైశాఖ శుద్ధ చతుర్దశి. 2025లో మే 11న వచ్చింది. 2024లో కూడా మే నెలలోనే. అంటే భక్తులు ఎక్కువగా కొండ ఎక్కేది కృత్తిక కార్తె ఎండల్లో. స్వామి తొమ్మిది రూపాల్లో ఒకటి జ్వాలా రూపం, ఆయన ఉన్న చోటికి మండే నెలలోనే పోతాం. పోవద్దని నేను అనను. ఎవరు వింటారు? నేనే విననిది.

ఇప్పుడు 2025 మే లెక్కలోకి పోదాం. ఇది నిజంగా విచిత్రమైన నెల.

[స్క్రీన్ మీద: మే 2025, దేశం మొత్తం. వాన 126.7 మి.మీ., నార్మల్ 61.4 మి.మీ.]

దేశం మొత్తం మీద మే నెలలో పడాల్సింది 61.4 మిల్లీమీటర్లు. పడింది 126.7. రెండింతలకు పైనే, 106 శాతం ఎక్కువ. 1901 నుంచి లెక్కలు ఉన్నాయి, ఇన్నేళ్లలో ఇంత వాన పడిన మే ఇంకోటి లేదు. పగటి ఉష్ణోగ్రత సగటు 35.08 డిగ్రీలు, నార్మల్ కంటే ఒకటిన్నర డిగ్రీ తక్కువ. కేరళకు రుతుపవనాలు మే 24నే వచ్చేశాయి. మామూలుగా జూన్ 1. 2009 తర్వాత ఇంత ముందు రావడం ఇదే. రెండు రోజుల్లో, మే 26కల్లా, మన రాయలసీమలోకి అడుగు పెట్టాయి. అదే రోజు ముంబైకి కూడా చేరాయి. రోహిణి కార్తె మొదలైందో లేదో! రోహిణిలో రోళ్లు పగులుతాయి అని సామెత. ఈసారి రోలు తడిసింది.

చూడ్డానికి ఎంత బాగుంది? చల్లని మే, తడి మే. కానీ ఒక్క నిమిషం. ఆ ఒకటిన్నర డిగ్రీ తక్కువ అనేది నెల మొత్తానికి సగటు, దేశం మొత్తానికి సగటు. సగటు ఎట్లా ఆడుకుంటుందో ఒక ఉదాహరణ చెప్తా. ఇవి నేను ఊహించి వేసిన అంకెలు, రికార్డు కాదు. ఒక ఊర్లో మొదటి పదిహేను రోజులు 43, తర్వాతి పదిహేను రోజులు మబ్బు, వాన, 36. సగటు 39.5. నార్మల్ 41 అయితే "నెల మొత్తం నార్మల్ కంటే ఒకటిన్నర తక్కువ" అని నివేదికలో వస్తుంది. ఆ ఊర్లో ఒక్కరోజు కూడా 39.5 లేదు! పదిహేను రోజులు మాడిపోయినారు, పదిహేను రోజులు తడిసినారు. నివేదిక చదివిన హైదరాబాద్ మనిషి "ఈసారి మీకు చల్లగా ఉందటగా" అంటాడు.

వాన సగటు ఇంకా మొండిది. మన వైపు ఎండాకాలం మూడు నెలలకూ, మార్చి నుంచి మే దాకా, కలిపి చూసినా నార్మల్ వంద మిల్లీమీటర్ల లోపే. అంత చిన్న అంకె మీద శాతాలు లెక్క వేస్తే ఎట్లుంటుంది? మే నార్మల్ 40 అనుకుందాం. ఒక సాయంత్రం గాలివాన వచ్చి గంటన్నరలో 60 దంచేసింది. మిగతా ముప్పై రోజులు చుక్క లేదు. నెలాఖరుకు లెక్క: ప్లస్ 50 శాతం. వాతావరణ శాఖ భాషలో ఇది "అధికం". మైనస్ 19 నుంచి ప్లస్ 19 దాకా సాధారణం, ప్లస్ 20 నుంచి 59 దాకా అధికం, 60 దాటితే అత్యధికం. అదే గాలివాన మీ ఊరు వదిలేసి పది కిలోమీటర్ల అవతల పడింది అనుకోండి, మీ మండలం మైనస్ 100, వాళ్ల మండలం ప్లస్ 50. ఇద్దరిదీ ఒకే మబ్బు.

ఇంకోటి, మే నెల వాన నార్మల్ అన్నది ఏటా కొంచెం కొంచెం పడిన వాన సగటు కాదు. అందులో తుపాన్లు దాక్కుని ఉన్నాయి. 2025కు ముందు దేశంలో అత్యధిక వాన పడిన మే ఏదో తెలుసా? 1990. ఆ నెల తొమ్మిదో తేదీన మచిలీపట్నం దగ్గర పెద్ద తుపాను తీరం దాటింది, మన రాష్ట్రంలో తొమ్మిది వందల మందికి పైగా చనిపోయారు. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చెప్తారు. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2022 మేలో అసని వచ్చి మచిలీపట్నం దగ్గర బలహీనపడింది. ఇట్లాంటి నాలుగైదు ఏళ్లు సగటును పైకి లాగుతాయి. కాబట్టి తుపాను లేని మామూలు ఏడాదిలో మే వాన నార్మల్ కంటే తక్కువ చూపించడమే ఎక్కువ సార్లు జరుగుతుంది. లోటు అని కంగారు పడాల్సిన పని లేదు. మే లోటు కరువు కాదు. మే అధికం పంట కూడా కాదు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం. ఈ ఏడాది నిజంగా దెబ్బ తగిలిన చోటు ఇదే.

మే 26న రుతుపవనాలు వచ్చాయి అనగానే ఫోన్లలో ఒకటే గోల. "తొలకరి వచ్చేసింది, విత్తనం వేసేయండి." నేల తడిసింది, దుక్కి మెత్తబడింది, వాసన కూడా అట్లనే ఉంది. ఎవరికి ఆగాలనిపిస్తుంది? కానీ రుతుపవనాలు మే 29 నాటికి ఆగిపోయాయి. జూన్ 16 దాకా ముందుకు కదల్లేదు. రెండు వారాలకు పైగా. ఆ రెండు వారాల్లో ఎండ మళ్లీ తన పని తాను చేసుకుంది.

మన వైపు మే ఎండకు తెరిచి ఉన్న నీటి తొట్టిలోంచి రోజుకు ఎనిమిది, పది మిల్లీమీటర్ల నీరు ఆవిరి అవుతుంది. ఆ లెక్కన 40 మిల్లీమీటర్ల వాన పైపైన తడిపిన నేల ఎన్ని రోజులు ఆగుతుంది? మీరే వేసుకోండి. ఎకరాకు ఒక మిల్లీమీటర్ వాన అంటే దాదాపు నాలుగు వేల లీటర్లు. వినడానికి సముద్రం లాగా ఉంది, కానీ పైన అంగుళం తడిసి, కింద పొడి దుక్కి అట్లనే ఉంటే మొలక వచ్చి మాడిపోతుంది. నల్లరేగడిలో పత్తి వేయాలంటే 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా పదునెక్కాలి అని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెప్తూనే ఉన్నారు. నంద్యాలలోనే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడ పుట్టిన ఒక పత్తి రకం పేరే "నరసింహ". పత్తి వేసే వాళ్ల ఇళ్లల్లో ఈ పేరు తెలియని వాళ్లు ఉండరు. ఆ స్థానం వాళ్ల మాట కంటే ఫార్వర్డ్ మెసేజ్ ముందు చేరుతోంది, అదీ మన ఖర్మ.

విత్తన సంచి ధర మీకు తెలుసు. ఒకసారి మొలక పోతే రెండోసారి సంచి కొనాలి, మళ్లీ కూలి, మళ్లీ బాడుగ ట్రాక్టరు. "మే నెలలో వాన రెండింతలు" అన్న హెడ్‌లైన్ చదివి విత్తిన వాడికి ఆ హెడ్‌లైన్ రాసినవాడు డబ్బులు ఇస్తాడా?

మామిడి సంగతి కూడా ఒక్క మాట. బనగానపల్లె మన జిల్లాలోనే ఉంది, ఆ పండు పేరు చెప్పాల్సిన పని లేదు. మేలో వాన ఒంటరిగా రాదు, గాలితో వస్తుంది. కాయ నేల రాలితే తోట వాడికి ఆ వాన ప్లస్ కాదు, మైనస్. కల్లంలో ధాన్యం, మొక్కజొన్న ఆరబోసుకున్న వాడికీ అంతే. ఒకే వాన నలుగురికి నాలుగు రకాలు.

సరే. ఇప్పుడు ఫోన్ బయటికి తీయండి. అందులో రోజూ కనపడే అంకెతో ఏం చేయాలో చెప్తా.

ఫోన్‌తో పాటే వచ్చే వాతావరణం యాప్ చూపించే అంకె చాలావరకు ఎవరూ కొలిచింది కాదు. కంప్యూటర్ మోడల్ వేసిన అంచనా. మోడల్ భూమిని గళ్లు గళ్లుగా కోస్తుంది, ఒక్కో గడి కొన్ని కిలోమీటర్లు ఉంటుంది. అహోబిలం ఉన్న గడిలో కొండ, అడవి, కింద పొలాలు అన్నీ కలిసిపోతాయి. అందుకే యాప్ 39 చూపిస్తుంది, టీవీ 42 అంటుంది, మీరు ఎవరిది అబద్ధం అని కొట్టుకుంటారు. ఇద్దరూ వేరే వేరే చోటు గురించి మాట్లాడుతున్నారు. కొలిచిన అంకె కావాలంటే వాతావరణ శాఖ వాళ్ల మౌసమ్ యాప్ చూడండి. సేద్యం ఉన్నవాళ్లు మేఘదూత్ పెట్టుకోండి, పంట సలహాలు తెలుగులో కూడా వస్తాయి. దామిని అని ఇంకోటి ఉంది, పిడుగు మీ దగ్గర పడే అవకాశం ఉంటే చెప్తుంది. మే, జూన్‌లలో సాయంత్రం గొర్రెలు కాసే వాళ్లు, చెట్టు కింద నిలబడే వాళ్లు మీ ఇంట్లో ఉంటే ఇది మాత్రం వాళ్ల ఫోన్‌లో మీరే వేసి ఇవ్వండి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఎండాకాలంలో మండలాల వారీగా వడగాడ్పుల జాబితా ఇస్తుంది. అందులో ఆళ్లగడ్డ పేరు ఉందా లేదా చూడండి.

నేను ఇప్పుడు చూసే పద్ధతి ఇది. నార్మల్ కంటే ఎంత తేడా అని ముందు చూడను. ముందు అసలు అంకె చూస్తా. 40 దాటితే కొండ పని పొద్దున తొమ్మిది లోపలే. తర్వాత రాత్రి ఉష్ణోగ్రత చూస్తా. దీన్ని ఎవరూ పట్టించుకోరు. పగలు కాలిన ఒళ్లు రాత్రి చల్లబడాలి. రాత్రి కూడా దిగకపోతే మర్నాడు మనిషి సగం అలసటతోనే లేస్తాడు. పగలు 40 పైన ఉండి, రాత్రి నార్మల్ కంటే 4.5 ఎక్కువ ఉంటే దానికి వాతావరణ శాఖ "వేడి రాత్రి" అని పేరు కూడా పెట్టింది. మిద్దె మీద పడుకుంటే వీపు కింద గచ్చు కాలుతుంటుంది చూడండి, ఆ రాత్రులు. అట్లాంటివి వరసగా రెండు మూడు వచ్చాక కొండ ప్రయాణం పెట్టుకోవద్దు. చివర్లో చూస్తా, నార్మల్ కంటే ఎంత తేడా అని. అది ఈ ఏడాదిని పాత ఏళ్లతో పోల్చడానికి బాగా పనికొస్తుంది. రేపు బయటికి పోవాలా వద్దా అనేదానికి పనికిరాదు.

మాట తడబడుతోంది, ఒళ్లు కాలుతోంది, చెమట లేదు. ఈ మూడూ కనపడితే అది అలసట కాదు, వడదెబ్బ. 108కి ఫోన్ చేయండి, అది వచ్చేలోపు నీడ, తడిగుడ్డ, గాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు మాత్రం పోయొద్దు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో, మళ్లీ 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో, వడగాలికి వెయ్యి మందికి పైగా పోయారు. అందులో ఎక్కువమంది ఎండలో పని చేసే వాళ్లు, ముసలివాళ్లు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన రాతి విగ్రహాలు చెక్కే వాళ్లను చూసే ఉంటారు. ఒక రేకు, ఒక పట్టా, దాని కింద ఉలి చప్పుడు. వాళ్లకు నార్మల్ రోజు అంటే 41లో తొమ్మిది గంటల పని.

మా మామ మళ్లీ కొండ ఎక్కాడా అని అడుగుతారని తెలుసు. ఎక్కాడు. ఈ మే నెలలోనే, జయంతి దాటిన వారం తర్వాత. ముందు రోజు రాత్రి ఫోన్ చేశాడు. "అల్లుడూ, నార్మల్ గీర్మల్ వద్దు గానీ, అంకె చెప్పు." చెప్పాను. "రాత్రిది?" అదీ చెప్పాను. తెల్లవారి నాలుగున్నరకు ఇంట్లోంచి బయల్దేరి, ఎనిమిదిన్నరకల్లా జ్వాలా నరసింహుడి దగ్గరి నుంచి నాకు వీడియో కాల్ చేయబోయాడు, సిగ్నల్ లేదు. పదింటికి కింద హోటల్లో కూర్చుని ఫోటో పెట్టాడు, చేతిలో మజ్జిగ గ్లాసు, పక్కన ఖాళీ అయిన రెండు లీటర్ల నీళ్లసీసా.

పత్తి మాత్రం ఇంకా వేయలేదు. "నేల అడుగు దాకా తడవనీరా" అంటున్నాడు. వచ్చే ఎపిసోడ్‌లో ఆ అడుగు దాకా తడవడం ఏంటి, ఇంట్లో ఉన్న డబ్బాతో మీ మిద్దె మీద వాన ఎట్లా కొలవాలి, పొద్దున ఎనిమిదిన్నరకే ఎందుకు చూడాలి, అవి మాట్లాడుకుందాం. మీ ఊరి పేరు, మే నెలలో మీరు చూసిన అన్నిటికంటే పెద్ద అంకె రాసి పంపండి. ఉంటా మరి.